రైలు లేని ఊళ్ళో రైలుగంట

చోడవరానికి రైలు లేదు. ఈ సంగతి చోడవరం వాళ్ళకి తెలుసు, రైల్వే వాళ్ళకీ తెలుసు. ఎన్నికలప్పుడు వచ్చే పెద్దలకి మాత్రం ప్రతిసారీ కొత్తగా తెలుస్తూ ఉంటుంది. మొన్నటిదాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా దగ్గరయింది గాని రైలు ఉన్నచోటే ఉండిపోయింది. అయినా ఈ ఊళ్ళో ఒక రైలు మ్యూజియం ఉంది. రైలు లేని ఊరికి మ్యూజియమేమిటని బుచ్చయ్యపేట వాళ్ళు నవ్వితే, దాన్ని స్థాపించిన ఉదయ్‌కుమార్ మాస్టారు తొణక్కుండా జవాబు చెప్పారు: "ఉన్నదానికి స్టేషను కడతారు. లేనిదానికే కదయ్యా మ్యూజియం కట్టేది."

ఆ మ్యూజియం కాపలాదారు పీర్ సాహెబ్. ఆయన చోడవరం పట్టణాన్ని ఏళ్ళ తరబడి ప్రతి తెల్లవారుజామునా మోసం చేశాడు. ఊరు క్షేమంగా బండెక్కుతూ వచ్చింది. ఒకే ఒక్క రోజు నిజం చెప్పాడు. ఆ రోజు సంధ్యారాణి అనే పిల్ల ఉద్యోగం పోయినంత పనయింది.

ముందు ఆ మోసం సంగతి చెప్పాలి.

ఆ మ్యూజియం ఉన్న రెండు గదుల పెంకుటిల్లు ఒకప్పుడు రైల్వే వారి అవుట్ ఏజెన్సీ. అవుట్ ఏజెన్సీ అంటే రైలు రాని ఊళ్ళో రైలు టిక్కెట్లు అమ్మే కొట్టు. ప్రయాణికుడు ఇక్కడ టిక్కెట్టు కొనుక్కుని, ఏజెన్సీ వారి బస్సులో అనకాపల్లి వెళ్ళి, అక్కడ బండెక్కాలి. పీర్ సాహెబ్ మీసాలు మొలిచే వయసులో అనకాపల్లి నుంచి ఇక్కడికి మూటలు మొయ్యడానికి వచ్చాడు. పోనుపోను టిక్కెట్ల మీద తేదీ గుద్దే పని దొరికింది. ఆ తర్వాత గంట కొట్టే పని కూడా ఆయన నెత్తిన పడింది. గంట అంటే వసారా దూలానికి ఇనప గొలుసుతో వేలాడగట్టిన రైలుపట్టా ముక్క. దాన్ని బోల్టుతో కొడితే కోటవీధి దాకా వినిపిస్తుంది. తెల్లవారుజామున విజయవాడ వైపు పోయే బండికి బస్సు కదిలే ముందు ఆయన ఆ ముక్కని కొట్టాలి. అది విని ఊరు బయలుదేరాలి.

ఊరు బయలుదేరలేదు. గంట మోగాక లేచి, పళ్ళు తోముకుని, గొడుగు వెతుక్కుని, ఆ గొడుగు ఎవరు పారేశారో తేల్చుకుని అప్పుడు బయలుదేరింది. మొదటి వారంలోనే రోలుగుంట పెళ్ళివారు బండి తప్పిపోయి, పెళ్ళికొడుకుతో సహా వచ్చి పీర్ సాహెబ్ మీద పడ్డారు. ఆయనకి అప్పుడే జ్ఞానోదయమైంది. మర్నాటి నుంచి గంట కాస్త ముందు కొట్టడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు అందరూ బండి అందుకున్నారు. తర్వాత ఊరు ఆ కిటుకు పసిగట్టింది. "సాహెబు గంట ముందే కొడతాడ్రా, కంగారు పడకండి" అన్న మాట సంతంతా పాకింది. ఆయన గంటని మరికాస్త ముందుకి జరిపాడు. ఊరు తన నిద్రని మరికాస్త వెనక్కి జరిపింది. ఈ మహాసంగ్రామం చాలా ఏళ్ళు నడిచి, చివరికి ఇరుపక్షాలూ అలసిపోయి ఒక ఒప్పందానికి వచ్చాయి. ఆ ఒప్పందాన్ని ఎవరూ రాయలేదు, పసిపిల్లలకి కూడా తెలుసు. గంటకీ ప్రయాణానికీ మధ్య ఒక స్నానం, ఒక టిఫిను, ఒక చిన్నపాటి తగవు పడతాయి. అవి ముగిశాక బయలుదేరితే బండి దొరుకుతుంది.

ఏజెన్సీ మూతపడింది. రైల్వే వాళ్ళు బీరువాలు పట్టుకుపోయారు గాని పట్టా ముక్కని బరువని వదిలేశారు. బస్సు పోయి ఆటోలొచ్చాయి. పీర్ సాహెబ్ అదే వసారాలో సైకిలు పంక్చర్లు వేసుకుంటూ, ఎవరూ అడక్కపోయినా గంట కొడుతూనే ఉన్నాడు. సెల్‌ఫోన్లు వచ్చాక గంట పని అయిపోయిందనుకున్నారు. అవలేదు. చోడవరం వాసి ఫోనులో బండి ఎక్కడుందో చూస్తాడు, తానెక్కడున్నాడో చూసుకోడు. పైగా అనకాపల్లి ఆటో నడిపే రాము గంట వినకుండా ఇంజను తిప్పడు. వాళ్ళ నాన్నకి ఏజెన్సీ బస్సు డ్రైవరుగా అదే అలవాటు. ఆటోతోపాటు అదీ వారసత్వంగా వచ్చింది.

ఇలా అబద్ధం మీద సుభిక్షంగా సాగిపోతున్న ఊళ్ళో మ్యూజియం వెలిసింది.

ఉదయ్‌కుమార్ మాస్టారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఊరికి చరిత్ర లేదంటే ఆయనకి సొంత ఇంట్లో బియ్యం లేవన్నంత బాధ. పాత తూనిక యంత్రం, గుడ్డి లాంతరు, తేదీ గుద్దే మిషను, చిరిగిన ఎర్రజెండా సంపాదించి గదుల్లో అమర్చారు. పీర్ సాహెబ్‌ని కాపలాకి పెట్టారు. ఒక గోడకి ఆయన పడుచు వయసు ఫొటో కూడా తగిలించారు. వచ్చినవాళ్ళు ఫొటో చూసి, ఆయన్ని చూసి, మళ్ళీ ఫొటో చూసి, కాలమహిమకి నిట్టూర్చి వెళ్ళేవారు. బతికుండగా మ్యూజియంలో చేరిన మనిషి జిల్లాలో ఆయనొక్కడే అయ్యుండాలి.

ఆఖరికి మాస్టారు ప్రతి వస్తువు కిందా బోర్డులు పెట్టించారు. గంట కింది బోర్డు అన్నిటికంటే పెద్దది. పీర్ సాహెబ్ కళ్ళజోడు తుడుచుకుని కూడబలుక్కుని చదివాడు:

"రైలుగంట. ఇది మోగిన క్షణాన బయలుదేరిన ప్రయాణికుడు అనకాపల్లిలో బండిని అందుకొనేవాడు. ఈ పట్టణానికి సత్యమైన కాలాన్ని చాటిన గంట."

"మాస్టారూ," అన్నాడు, "ఈ 'సత్యమైన' అన్న మాట కొంచెం పెద్దదయిపోయిందేమోనండి."

"పెద్దదేం కాదు సాహెబూ. బోర్డు మీద చోటు మిగిలింది."

"సోటు గురించి కాదండి. ఆ గంట…"

"నీ వినయం నాకు తెలుసయ్యా!" అని మాస్టారు భుజం తట్టి వెళ్ళిపోయారు.

పీర్ సాహెబ్ జీవితంలో ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరినీ తిట్టలేదు, త్రాసు దగ్గర ఎవరినీ ముంచలేదు. ఆయన ఆడిన అబద్ధం ఒక్కటే. ఇప్పుడు దాని కిందే నిజమని రాసి పెట్టారు. వచ్చిన బడిపిల్లలు ఆ బోర్డుని కోరస్‌గా చదువుతుంటే ఆయన లాంతరు వెనక్కి తప్పుకునేవాడు. నాలుగు రోజులు మనసులో నలిగి, ఒక నిర్ణయానికొచ్చాడు. బోర్డు మార్చడం తన చేతిలో లేదు. గంట మార్చడం తన చేతిలోనే ఉంది. ఇక మీదట ఏ వేళకి బయలుదేరితే బండి దొరుకుతుందో సరిగ్గా ఆ వేళకే కొడతాడు.

ఈ నిర్ణయం ఎవరికీ చెప్పలేదు. నిజం చెప్పడానికి ముందు చాటింపు వేయించాలని ఆయనకి తోచలేదు.

ఆయన ఎంచుకున్న రోజు ఎలాంటిదంటే, ఆ బండికి సంధ్యారాణి వెళ్ళాలి.

సంధ్యారాణి మ్యూజియం వెనక వీధి పిల్ల. తండ్రి చక్కెర మిల్లులో సీజను పనివాడు. రైలుని చూడాలంటే ఊరు దాటాల్సిన పిల్ల, రైలు నడిపే ఉద్యోగానికి, అంటే అసిస్టెంట్ లోకో పైలట్‌కి పరీక్ష రాసి నెగ్గింది. మిగిలింది వైద్యపరీక్ష. అది ఆ రోజు మధ్యాహ్నంలోగా విజయవాడలో. సర్టిఫికెట్లతో హాజరు కాకపోతే పేరు కొట్టేస్తారు. తెల్లవారుజాము బండి తప్పిపోతే తర్వాతి బండి విజయవాడ చేరేసరికి ఆఫీసు తలుపులు మూసి ఉంటాయి. ముందురోజే వెళ్తానంది పిల్ల. తెలియని ఊళ్ళో రాత్రి ఎక్కడ పడుకుంటావంది తల్లి కనకమహాలక్ష్మి. ఆ మాట దగ్గర ఇంటి చర్చలన్నీ ఆగిపోతాయి.

ఆ రోజు పిల్ల చీకటుండగానే తయారై గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, టైమయిపోతంది."

"గంటే కొట్టలేదు. టైమెలా అయిపోద్దే?"

"ఫోన్లో సూడు."

"ఫోను నువ్వు పుట్టక ముందు నించీ ఉందేటి? గంటుంది. ఆ గంటకే మీ నాన్న నా పెళ్ళి సూపులకి వచ్చేడు. కూకో, పులిహోర కడతన్నాను."

సంధ్యారాణి కూర్చోలేదు. సంచీ తీసుకుని రాము ఆటో దగ్గరికి వెళ్ళింది. రాము టీకొట్టు బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకుని ఉన్నాడు.

"రామన్నా, బయల్దేరదామా?"

"గంటవ్వనియ్యమ్మా."

"ఈరోజుకి గంట లేకపోతే ఏటి?"

రాము ఆమెకేసి జాలిగా చూశాడు. "ఏటమ్మా, రేపు నువ్వు రైలు నడుపుతావు. సిగ్నలు లేకుండా తీసేత్తావా?"

ఆమె ఫోను చూసుకుంది, రోడ్డు చూసింది, మళ్ళీ ఫోను చూసుకుంది. వాదించే కొద్దీ తనే పిచ్చిదానిలా కనబడుతోంది. ఊరంతా ఒక మాట మీద ఉన్నప్పుడు గడియారం ఒంటరిదైపోతుంది.

గంట మోగింది. ఖణేల్, ఖణేల్ మని, ఎన్నడూ లేనంత ధాటిగా మోగింది. పీర్ సాహెబ్ ఆ రోజు నిండు మనసుతో కొట్టాడు మరి.

"అదిగో," అన్నాడు రాము, "అయింది గంట. ఇంకో టీ తాగి, కోటపాడు నుంచి వొచ్చే ఇద్దరూ దిగగానే పోదాం. బోల్డు టైముంది."

కనకమహాలక్ష్మి పులిహోర డబ్బాతో వచ్చి, "సూసేవా? కంగారు పెట్టి సంపేసేవు" అని, కూతురి జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. ఎదురింటాయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోతున్నాడు. టీకొట్టువాడు పొయ్యి మీద పెనం పెట్టాడు. చోడవరం ఒప్పందం ప్రకారం తన స్నానం, తన టిఫిను, తన తగవు ప్రారంభించింది.

మ్యూజియం వసారాలో పీర్ సాహెబ్ బోల్టు పక్కన పెట్టి, బోర్డుకేసి మొట్టమొదటిసారిగా తలెత్తి చూశాడు. కూతురు సాలెహా టీ తెచ్చింది. పక్క వీధిలో మిషను కుట్టుకునే మనిషి. తండ్రి ఫోను చార్జింగుకి పెట్టి, గ్లాసు అందించింది.

"బాబా, ఒంట్లో బాగోలేదేటి? గంట ఇంత ఆలీసెం అయిపోయిందేటి?"

"ఆలీసెం కాదు. ఇన్నేళ్ళకి ఈరోజే సరిగ్గా కొట్టేను. ఈ గంటకి బయల్దేరినోడికి బండి దొరుకుద్ది. ఆలీసెమైతే దొరకదు. అదీ బోర్డు మీద మాట."

"ఎవరికైనా సెప్పేవా?"

"ఏటి సెప్పేది?"

"ఇది నిజం గంటని."

పీర్ సాహెబ్ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఈరోజు సంధ్య ఎల్లాలి కదా బాబా," అంది సాలెహా.

ఆయన గ్లాసు ఎక్కడ పెట్టాడో తెలియదు. తలుపు వెయ్యలేదు, ఫోను తియ్యలేదు. లుంగీ ఎగ్గట్టి వీధి మధ్య పరుగెత్తుతూ కేకలు వేశాడు: "గంట నిజమే! బాబూ, ఈరోజు గంట నిజమే!"

జనం అరుగుల మీంచి నవ్వారు. "ఎప్పుడు కాదు సాహెబూ!" అన్నాడు తువ్వాలాయన.

రాము కూడా నవ్వబోయాడు గాని ముసలాయన మొహం చూసి నవ్వు మింగేశాడు.

"ఒరే రామూ, ముందు కొట్టలేదురా! సరిగ్గా కొట్టేను. బండికి టైము లేదు. తియ్యి, తియ్యి!"

"అదేటి సాహెబూ, సెప్పకుండా అలాగెలా కొట్టేస్తారు?" అన్నాడు రాము. అప్పటికే అతని కాళ్ళు బల్ల దిగాయి. మోసపోయినవాడి గొంతు అది.

సంధ్యారాణి సగం అల్లిన జడతోనే ఆటోలోకి దూకింది. కనకమహాలక్ష్మి పులిహోర డబ్బా సంచీలోకి తోసింది. పీర్ సాహెబ్ డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు. ఆయన ఎందుకెక్కాడని ఎవరూ అడగలేదు. తప్పు చేసిన మనిషి తప్పు వెంటే పోతాడు.

గానుగ సీజను. చోడవరం నుంచి అనకాపల్లి రోడ్డంతా మిల్లులకి పోయే చెరకు ట్రాక్టర్లు. ట్రాక్టరు వెడల్పు ఎంతో ఎవరికీ తెలియదు, దాని మీది చెరకు వెడల్పు మాత్రం రోడ్డంత ఉంటుంది. వెంకన్నపాలెం దాటగానే అలాంటిదొకటి ముందు తగిలింది. రాము హారన్ కొట్టాడు. ట్రాక్టరువాడు పాటలు పెట్టుకున్నాడు. రాము కుడివైపు దూరబోతే ఎదురుగా లారీ. ఎడమవైపు దూరబోతే కాలువ.

"సాహెబు తాతా," అంది సంధ్యారాణి వెనకనుంచి, మెల్లగా, "బండి విశాఖపట్నంలో బయల్దేరిపోయిందంట."

"ఆలీసెంగా నడుస్తందా అమ్మా?"

"లేదు. కరెక్టు టైముకే."

రైల్వే వారు కూడా ఆ రోజే బోర్డు చదివినట్టున్నారు.

పీర్ సాహెబ్ నడుస్తున్న ఆటోలోంచి సగం బయటికి వంగి, ట్రాక్టరుకేసి తలపాగా విప్పి ఊపాడు. ట్రాక్టరు వెనక చెరకు మీద పడుకున్న మనిషి లేచి చూసి, ఎవరో మక్కువతో వీడ్కోలు చెబుతున్నారనుకుని తనూ చెయ్యి ఊపాడు. పీర్ సాహెబ్ దండం పెట్టాడు. ఈసారి ఆ మనిషికి అర్థమై, చెరకు మీద ముందుకి పాకి డ్రైవరు వీపు మీద చరిచాడు. ట్రాక్టరు గుడ్డిగా పక్కకి ఒరిగింది. ఆటో ఒక చక్రం రోడ్డు మీద, ఒక చక్రం గట్టు మీదగా దాటింది. నాలుగు చెరకు గడలు లోపలికి దూసుకొచ్చి సంధ్యారాణి చెంపకి గీరుకున్నాయి. ఆమె తుడుచుకోలేదు.

"తిట్టమ్మా నన్ను," అన్నాడు పీర్ సాహెబ్. "ఒక్కపాలి తిట్టేయ్."

"తర్వాత తిడతాను తాతా. ఇప్పుడు టైము లేదు."

తుమ్మపాల దగ్గర ఇంకో ఆలస్యం, శారదా నది వంతెన మీద ఇంకొకటి. అనకాపల్లిలో బెల్లం బళ్ళు అడ్డం. స్టేషనుకి పోయే సందు మొదట్లో ఆటో ఇక కదల్లేదు. అవతల నుంచి మైకులో బండి రెండో ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందని చెబుతున్నారు.

"దిగండి, పరిగెత్తండి!" అన్నాడు రాము.

సంచీ బరువు. అందులో సర్టిఫికెట్లు, రెండు జతల బట్టలు, తల్లి ప్రేమకి గుర్తుగా పులిహోర, కందిపొడి, ఒక సీసా ఆవకాయ. పీర్ సాహెబ్ దాన్ని లాక్కున్నాడు. "నాకియ్యి. నువ్వు ముందెల్లి ఎక్కు. నేను కిటికీలోంచి అందిస్తాను."

కుర్రతనంలో మూటలు మోసిన భుజం ఇచ్చిన సలహా అది. ఆ భుజానికి డెబ్భై దాటాయన్న సంగతి ఆయనకి మెట్ల వంతెన ఎక్కేటప్పుడు తెలిసింది. సగం మెట్ల మీద ఊపిరి ఆగి కమ్మీ పట్టుకున్నాడు. కింద సంధ్యారాణి ప్లాట్‌ఫారం మీద పరుగెడుతోంది. తన బోగీ చాలా ముందుంది. ఆమె ఎక్కి, గుమ్మంలో నిలబడి వెనక్కి చూసింది. వంతెన మెట్ల మీద జనం, కూలీలు, పెట్టెలు. పీర్ సాహెబ్ లేడు.

కూత వినబడింది. బండి కదిలింది. ఆమె చూస్తూండగా మెట్లు వెనక్కి జరిగిపోయాయి. ముసలాయన కనబడలేదు, సంచీ కనబడలేదు.

నిజానికి ఆయన అప్పటికి ఆఖరి బోగీ పక్కన ఉన్నాడు. బండి అప్పుడే పాకుతోంది. గుమ్మంలో కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు "పెద్దాయనా, వొద్దు, వొద్దు" అంటూనే చెరో రెక్కా పట్టుకుని లోపలికి లాగేశారు. పీర్ సాహెబ్ నేల మీద చతికిలబడి, సంచీ గుండెకి హత్తుకున్నాడు. ఊరందరినీ ఎక్కించిన ఆ బండిలోకి తానెక్కడం అదే మొదలు. ఆ సంగతి గుర్తుకొచ్చే తీరుబడి కూడా లేదు.

ఆ జనరల్ బోగీకీ ముందున్న రిజర్వేషను బోగీలకీ మధ్య దారి లేదు. పిల్ల ముందు, సంచీ వెనక. సంచీ అనకాపల్లిలో ఉండిపోయిందని పిల్ల అనుకుంటుంది. అనుకుంటే ఏం చేస్తుంది? సర్టిఫికెట్లు లేకుండా విజయవాడ వెళ్ళి లాభం లేదు. తర్వాత ఆగేది తునిలో. అక్కడ దిగి వెనక్కి పోతుంది.

"బాబూ, ఒక్కపాలి ఫోనిస్తావా?" అన్నాడు కుర్రాడితో.

"నెంబరు సెప్పండి."

పీర్ సాహెబ్ నోరు తెరిచాడు. సంధ్య నెంబరు గుర్తులేదు. సాలెహా నెంబరు గుర్తులేదు. ఆయన అందరికీ చెప్పి చెప్పి నోటికి వచ్చిన నెంబరు లోకంలో ఒక్కటే, తనది. ఆ ఫోను మ్యూజియంలో తూనిక యంత్రం మీద చార్జింగులో ఉంది. గత్యంతరం లేక అదే చెప్పాడు.

ఫోను మోగుతోంది. మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశారు. మళ్ళీ మోగుతోంది.

మ్యూజియంలో అప్పుడే అడుగుపెట్టిన ఉదయ్‌కుమార్ మాస్టారు, తలుపులు తీసి ఉండి కాపలాదారు లేకపోవడం చూసి సాలెహాని నిలదీస్తున్నారు. "సాహెబ్ ఏడమ్మా? ప్రదర్శనశాలని ఇలా వదిలేసి…"

"ఉండండి మాస్టారూ, ఫోను మోగతంది. అలో?"

"సాలెహా! నేనే. బండిలో ఉన్నాను. సంచీ నా కాడే ఉంది. ఆ సంధ్య గుంటకి సెప్పు, తునిలో దిగొద్దని సెప్పు!"

"ఏ బండిలో బాబా?"

"మన బండే! సెప్పు తొందరగా!"

సాలెహా కనకమహాలక్ష్మికి చేసింది. బిజీ. మళ్ళీ చేసింది. బిజీ. ఎందుకు కాదు? ఆ క్షణాన కనకమహాలక్ష్మి కూతురితోనే మాట్లాడుతోంది. సంధ్యారాణి నెంబరు సాలెహా దగ్గర లేదు. తండ్రి ఫోనులో వెతికింది. 'సంధ్య' అని ఉంది. చేసింది. అదీ బిజీ. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటుంటే మూడోవాళ్ళకి ఏ తలుపూ తెరుచుకోదు.

"ఏమిటమ్మా, సాహెబ్ ఎక్కడ?" అన్నారు మాస్టారు.

"బండెక్కేసేడు మాస్టారూ!" అంటూ ఆమె చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధిలోకి దూకింది.

కనకమహాలక్ష్మి అరుగు మీద కూలబడి ఉంది. చుట్టూ నలుగురు చేరి ఓదారుస్తున్నారు. వాళ్ళలో తువ్వాలాయన, స్నానం పూర్తిచేసుకుని.

"ఎందుకే అమ్మా ఏడుస్తన్నావు," అంటోంది ఫోనులో కూతురు. "తుని వచ్చేసింది. దిగిపోతన్నాను. ఆ సంచీ లేకుండా ఎల్లి ఏటి సేసేది? వచ్చేస్తాను."

"వొచ్చేయమ్మా. వొచ్చేయ్. ఉజ్జోగం పోతే పోయింది. ఆ సాహెబు గంట మండిపోనూ…"

సాలెహా ఆ ఫోనుని కాకి ఎత్తుకుపోయినట్టు ఎత్తుకుపోయింది. "సంధ్యా! దిగకు! ఒసే గుంటా, దిగకు! సంచీ బండిలోనే ఉంది. బాబా కూడా బండిలోనే ఉన్నాడు. ఆఖరి పెట్టె!"

అవతల నుంచి జనం రొద, ఎవరో ఇడ్లీ అని అరవడం, తర్వాత ఏదీ లేదు.

"అలో? సంధ్యా?"

చోడవరంలో ఆ వేళ అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు.

సంధ్యారాణి తుని ప్లాట్‌ఫారం మీద ఒక కాలు దించి ఉంది. రెండో కాలు ఇంకా మెట్టు మీదే. ఆ మాట విన్నాక రెండో కాలు కూడా దించింది. ఫోను జేబులో తోసి, బండి తోక వైపు పరుగు తీసింది. ఇడ్లీల వాళ్ళని తోసుకుంటూ, పెట్టెల మీంచి గెంతుతూ. ఆఖరి బోగీ గుమ్మంలో జనం మధ్యలోంచి ఒక చెయ్యి సంచీని పైకెత్తి జెండాలా ఊపుతోంది. సిగ్నలు పడింది. ఆమె కమ్మీ పట్టుకుని ఎక్కేసింది. బండి కదిలింది.

లోపల పీర్ సాహెబ్ పక్కన నల్లకోటు టీటీ నిలబడి ఉన్నాడు.

"టిక్కెట్టు లేదంటాడేంటమ్మా ఈయన?"

"జల్మంతా ఈ బండికి టిక్కెట్లు అమ్మేను బాబూ," అంటున్నాడు పీర్ సాహెబ్. "కొనుక్కోవాలని తోచలేదు."

సంధ్యారాణి జరిమానాతో సహా టిక్కెట్టు రాయించింది. తర్వాత ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. తిడతానన్న మాట ప్రకారం సామర్లకోట దాకా తిట్టింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. గొంతు పట్టేశాక ఇద్దరూ పులిహోర తిన్నారు.

విజయవాడలో ఆటోవాడు అడిగినంతా ఇచ్చారు. తలుపు దగ్గర బంట్రోతు పేర్లు పిలవడం మొదలుపెట్టే వేళకి ఆమె లోపలికి వెళ్ళింది. జడ సగమే అల్లి ఉంది. చెంప మీద చెరకాకు గీత ఎర్రగా ఉంది. ఆయన బయట సిమెంటు బల్ల మీద, ఇక అవసరం లేని సంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరు తలుపు తీసినా లేచి నిలబడుతున్నాడు. లోపల కళ్ళు చూస్తారు, రంగులు చూస్తారు, గుండె చూస్తారు. పరుగెత్తి పరుగెత్తి ఆ పిల్ల గుండె ఎలా కొట్టుకుంటోందో, దానికి తనదెంత వాటానో లెక్క వేసుకుంటూ, మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చున్నాడు. ఎండ బల్ల మీదికి వచ్చింది, మళ్ళీ దిగిపోయింది.

ఆమె బయటికొచ్చింది. ఆయన లేచాడు.

"గుండె కొంచెం జోరుగా కొట్టుకుంటందన్నారు," అంది. "కాసేపు కూకోబెట్టి మళ్ళీ సూసేరు."

"మరి?"

"ఫిట్టే తాతా. కళ్ళు కూడా. అన్నీ బాగున్నాయంట."

పీర్ సాహెబ్ మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు. తలపాగా అంచుతో మొహం తుడుచుకున్నాడు. పెద్ద ఇంజనుని కళ్ళతో కొలుస్తున్నట్టు ఆమెకేసి చూశాడు.

"అయితే రేపు ఆ బండి నీ సేతిలోనే ఉంటుందన్నమాట."

"ట్రైనింగుంటుంది. తర్వాత, ఉండొచ్చు."

"మనూరోళ్ళ సంగతి నీకు తెలుసు కదమ్మా. ఎంత సెప్పినా ఆలీసెంగా వస్తారు. అనకాపల్లిలో కొంచెం… ఒక్క రవ్వ… ఆపుతావా?"

సంధ్యారాణి ఆయన ఒళ్ళోంచి సంచీ తీసుకుని భుజాన వేసుకుంది.

"ఆపను తాతా," అంది.